రిటైరైన సార్ల టేబుళ్ళు

స్నేహలత ప్లాను కాగితాన్ని మడిచింది, మళ్ళీ విప్పింది. ఎన్నిసార్లు విప్పి చూసినా రికార్డు రూముకు అందులో చోటు దొరకలేదు.

హనుమకొండలోని ఆ యూనివర్సిటీ ఆఫీసు భవనం కట్టి నలభై ఏళ్ళు దాటింది. గోడలు చెమ్మగిల్లి, స్లాబు పెచ్చులు ఊడి ఫైళ్ళ మీద పడుతుంటే ఎట్టకేలకు మరమ్మతులకు అనుమతి వచ్చింది. వచ్చే సోమవారం పొద్దున భవనాన్ని కాంట్రాక్టరుకు అప్పగించాలి. పని ఏడాది పైనే పడుతుంది. అప్పటిదాకా ఏడు సెక్షన్లూ వెనకవైపున్న పాత లేడీస్ హాస్టల్లో సర్దుకోవాలి. అక్కడ పై అంతస్తు బరువు మొయ్యదని ఇంజనీర్లు తాళం వేశారు. కింద పద్నాలుగు చిన్న గదులు, ఒక డైనింగు హాలు. అంతే.

ఎవరు ఎక్కడ కూర్చోవాలో తేల్చే పని డిప్యూటీ రిజిస్ట్రార్ రాజేశ్వర్ రావు స్నేహలతకు అప్పజెప్పాడు. ఆమె జనరల్ సెక్షన్ సూపరింటెండెంటు.

"ఇల్లు సర్దుకునే చేతులు మీవి. మాకేం తెలుస్తది మేడం ఇదంతా" అన్నాడాయన. అది మెచ్చుకోలో, తప్పించుకోవడమో ఆమెకు తేలలేదు.

ఏ సెక్షనుకు ఎన్ని టేబుళ్ళు, ఎన్ని బీరువాలు పెట్టడానికి జాగా కావాలో రాసి పంపమని ఆమె సర్క్యులరు తిప్పింది. ఒక్క రోజులో అన్ని జవాబులూ వచ్చేశాయి. ఆ ఆఫీసులో ఏ సర్క్యులరుకూ అంత తొందరగా జవాబు వచ్చింది లేదు. అనుమానించవలసింది అక్కడే. కానీ ఆమె సంబరపడి, గళ్ళ కాగితం మీద అడుగుకు ఒక గడి చొప్పున గదులు గీసి, టేబుళ్ళ కొలతకు అట్టముక్కలు కత్తిరించి, రెండు రోజులు వాటిని జరుపుతూ కూర్చుంది. మొత్తం అరవై మూడు టేబుళ్ళు. పద్నాలుగు గదులూ నిండాయి. హాలు నిండింది. రికార్డు రూములోని ముప్పై ఎనిమిది ఇనప ర్యాకులు మాత్రం కాగితం బయట మిగిలిపోయాయి.

మంగళవారం మధ్యాహ్నం ఆ మాట చెబితే రాజేశ్వర్ రావు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"సైకిల్ స్టాండు పక్కన రేకుల షెడ్డున్నది గదా మేడం. ర్యాకులు అండ్ల పెట్టి, పైన టార్పాలిన్ కప్పిద్దాం. ఏడాదే గదా."

"సార్, ఇది జూన్ నెల."

"వానలింకా పడ్తలేవు గదా."

ఆమె ప్లాను కాగితం తీసుకుని బయటికి వచ్చేసింది. వరండాలో వెంకటయ్య నిలబడి ఉన్నాడు. ముప్పై నాలుగేళ్ళుగా రికార్డు రూమును చూసుకుంటున్న మనిషి. ఇంకో ఎనిమిది నెలల్లో రిటైరవుతాడు. తలుపు చాటున నిలబడి అంతా విన్నట్టే ఉంది.

"మేడం, ఒక్కసారి షెడ్డు కాడికి రాండ్రి. మీరు సూసినంక ఏది చెయ్యమంటే అది చేస్త" అన్నాడు.

షెడ్డు బయటి నుంచి బాగానే ఉంది. లోపలికి వెళ్ళాక వెంకటయ్య తలుపు దగ్గరగా వేశాడు. చీకట్లో, పై రేకుల్లో మేకులు ఊడిన బొక్కల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా నేల మీద పడుతోంది. ఆయన ఒక్కో చుక్క మీద కాలు పెడుతూ పోయాడు.

"ఇరవై ఆరు. ఎండ వచ్చిన కాడికెల్లి నీళ్ళు రావంటరా?"

స్నేహలత తలెత్తి ఆ బొక్కల వంక చూసింది. రికార్డు రూము ర్యాకుల్లో ఎర్రగుడ్డల్లో మూటకట్టిన బస్తాలున్నాయి. బస్తాల్లో మార్కుల రిజిస్టర్లు. కంప్యూటర్లు రాకముందు ఈ యూనివర్సిటీలో పరీక్ష రాసిన ప్రతి మనిషి పేరూ, మార్కులూ చేత్తో రాసి ఉన్నది వాటిలోనే. ఇంకెక్కడా లేదు. నాలుగేళ్ళ కింద రికార్డు రూము కిటికీ ఒకటి గాలికి తెరుచుకుని, ఒక్క రాత్రి వానకు ఒక్క రిజిస్టరు తడిసింది. పేజీలు అట్టలు కట్టాయి. ఆ తరువాత ఆరు నెలలకు వర్ధన్నపేట నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. ఆమె డిగ్రీ నిజమో కాదో చూసి చెప్పమని విద్యాశాఖ వాళ్ళు కాగితం పంపారు. ఆమె పేరు ఉండవలసింది ఆ అట్టకట్టిన పేజీల్లోనే. 'రికార్డు లభ్యం కాలేదు' అని టైపు చేయించి సంతకం పెట్టింది స్నేహలతే. ఆ టీచరమ్మ ఏడవలేదు, అరవలేదు. "నేను చదివిన మేడం" అని ఒక్క మాట అని, కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని బస్సుకు పోయింది.

ఒక్క రిజిస్టరుకే అది. ఈ షెడ్డులోకి వచ్చేవి రెండు వేల మూడు వందలు.

"మేడం, బస్తాలు ఈ షెడ్డులకు వచ్చేటట్టుంటే నాకు లాంగ్ లీవు ఇప్పియ్యిండ్రి" అన్నాడు వెంకటయ్య. "నేను కండ్లతోని సూడలేను."

"ఫికర్ చెయ్యకు వెంకటన్నా. సోమవారం దాకా టైమున్నది" అంది ఆమె. ఏం చూసుకుని అన్నదో ఆమెకే తెలియదు.

ఆ సాయంత్రం అన్నం దగ్గర ప్లాను కాగితాన్ని పక్కన పెట్టుకుని తింటుంటే భర్త ఓంప్రకాశ్ తొంగి చూశాడు. ఆయనకు చౌరస్తాలో స్టీలు సామాన్ల దుకాణం ఉంది. పది అడుగుల షట్టరులో పెళ్ళి గుండిగల నుంచి టీ చెంచాల దాకా అన్నీ ఇరికిస్తాడు.

"జాగ లేదంటే, పనికిరానిదేదో జాగ తినుకుంట కూసున్నట్టు" అన్నాడు పప్పు కలుపుకుంటూ.

"మీ దుకాణంల పనికిరానిది ఏదని అడిగితే ఒక్కటన్న చూపిస్తరా?"

"నా దుకాణంలనా? అన్నీ పనికొస్తయి" అన్నాడాయన వెంటనే. స్నేహలతకు నవ్వొచ్చింది. గిన్నెలు కడుగుతున్నంతసేపూ ఆ జవాబు చెవిలో తిరుగుతూనే ఉంది.

బుధవారం పొద్దున ఆఫీసుకు రాగానే, సెక్షన్‌లోని జూనియర్ అసిస్టెంటు శ్రీలత ఎప్పటిలాగే హ్యాండ్‌బ్యాగు తన సొరుగులో పెట్టి, టిఫిను డబ్బా వెంకట్రాజం సార్ టేబుల్ మీద పెట్టింది. స్నేహలత ఆ డబ్బా వంక చూస్తూ ఉండిపోయింది. వెంకట్రాజం రిటైరై మూడేళ్ళయింది.

"శ్రీలతా, మన సెక్షనుకు టేబుళ్ళు ఎన్నని రాసినం?"

"తొమ్మిది మేడం. మీరే గదా రాసింది."

"మనం ఎంతమందిమి?"

శ్రీలత వేళ్ళు మడవబోయి ఆగిపోయింది. "ఆరుగురం. గానీ మేడం, అవి వేకెన్సీలు గదా."

అప్పుడు తగిలింది స్నేహలతకు తను చేసిన పొరపాటు. టేబుళ్ళు ఎన్నని అడిగిందే కానీ, మనుషులు ఎంతమందని అడగలేదు. పైగా తన సెక్షనుకు తనే, ఏమాత్రం ఆలోచించకుండా, తొమ్మిదని రాసింది.

బయటివాళ్ళకు ఇది వింతగా ఉంటుంది కానీ ఆ ఆఫీసులో ఎవరికీ వింత కాదు. చాలా ఏళ్ళ కింద స్టోర్సు సెక్షను వాళ్ళు ఒక ఖాళీ టేబులును మంచితనానికి పక్క సెక్షనుకు ఇచ్చారు. ఆ ఏడాదే తనిఖీకి వచ్చిన అధికారి, టేబులూ లేదు, మనిషీ లేడు, ఈ పోస్టు ఎందుకని రాసి పోయాడు. పోస్టు రద్దయింది. అప్పటి నుంచీ ఎవరు రిటైరైనా, ఎవరు పోయినా, వాళ్ళ టేబుల్ కదలదు. కొత్తమనిషి వచ్చేదాకా అది పాతమనిషి పేరు మీదే ఉంటుంది. దాని మీద హెల్మెట్లు పెట్టుకుంటారు, టిఫిన్లు పెట్టుకుంటారు, మనీప్లాంటు సీసా పెడతారు. దసరాకు ఆఫీసులో పూజ చేసేటప్పుడు ఖాళీ టేబుళ్ళకు కూడా పసుపు కుంకుమ పెట్టి, రెండు బంతిపూలు ఉంచుతారు. మనిషి లేడని బొట్టు ఆపరు.

ఆమె ఇంచుటేపు చేతిలో పట్టుకుని, కొలుస్తున్నట్టు నటిస్తూ ఏడు సెక్షన్లూ తిరిగింది. కూర్చున్న వాళ్ళు నలభై ఒక్క మంది. ఎవరూ కూర్చోని టేబుళ్ళు ఇరవై రెండు. అఫిలియేషన్ సెక్షన్ ఒక్కదాంట్లోనే పద్నాలుగింటికి ఏడు.

షెడ్డులోకి వెళ్ళవలసినవి ఈ ఇరవై రెండే. చెక్క టేబుళ్ళు, నాలుగు చుక్కలు పడితే మళ్ళీ తుడవచ్చు. హాలులో ఆ జాగా ర్యాకులకు సరిపోతుంది. లెక్క అంత సులువుగా తేలేసరికి ఆమెకు ప్రాణం లేచొచ్చినట్టయింది. మరుక్షణమే, ఇచ్చేదెవరని భయం పట్టుకుంది.

తన సెక్షను నుంచే మొదలుపెట్టి చూద్దామనుకుని శ్రీలతను పిలిచింది.

"మేడం, మనమే ఫస్ట్ ఎందుకియ్యాలె?" శ్రీలత గొంతులో కోపం కన్నా బెదురు ఎక్కువుంది. "రమాకాంత్ సార్ను ఇయ్యమనుండ్రి. ఆయన కాడ ఏడున్నయి. నేను ఆ వెంకట్రాజం సార్ పోస్టు మీద ఆశ పెట్టుకుని మూడేండ్ల నుంచి చూస్తాన. నా ప్రమోషను అదే గదా. రేపు ఎవరన్నొచ్చి, టేబులేది అంటే?"

"టేబుల్ షెడ్డుల ఉంటది. పోదు."

"షెడ్డుల ఉన్నది మన టేబులేనని రుజువేంది?"

ఆ ప్రశ్న స్నేహలతకు నచ్చింది. "ఆగు. రుజువు తెస్త" అని కంప్యూటరు ముందు కూర్చుంది. ఒక్కో టేబులుకు ఒక్కో రశీదు. ఏ సెక్షను, ఏ నంబరు, ఏ ఖాళీ పోస్టుకు చెందినది, ఏడాది తరువాత ఎవరికి తిరిగి అప్పగించాలి. కింద డిప్యూటీ రిజిస్ట్రార్ సంతకానికి జాగా.

రాజేశ్వర్ రావు మొదటి రశీదు చదివి పెన్ను మూత మళ్ళీ బిగించాడు.

"ఖాళీ పోస్టు అని ఇండ్ల రాయకుండ్రి. పోస్టుల సంగతి వీసీ గారు చూడాలె, నేను సంతకం పెట్టేది కాదు. ఆయనేమో హైదరాబాద్ల ఉన్నరు, పదిరోజులదాకా రారు. ఆ మాట తీసేస్తే ఇప్పుడే పెడ్త."

"ఆ మాట లేకపోతే ఎవ్వరూ టేబుల్ ఇయ్యరు సార్."

"మరి నేనేం చెయ్యాలె? నా చేతుల ఉన్నది టేబుల్ వరకే."

కాగితాలు పట్టుకుని ఆమె తిరిగి తన సీటుకు వచ్చింది. ఆఫీసు వదిలే గంట కొట్టినా కదలలేదు. శ్రీలత ఆ ఆఫీసు వాడుకలో, "మేడం, వెంకట్రాజం సార్ మీద మీ టిఫిన్ డబ్బా మర్చిపోయిండ్రు" అంది వెళ్ళబోతూ.

స్నేహలత తల ఎత్తింది. ఈ ఆఫీసులో ఏ టేబులుకైనా నంబరుతో పని లేదు. ఫలానా సార్ టేబుల్ అంటే అటెండరు నుంచి ఆఫీసరు దాకా అందరికీ తెలుసు. ఆ సార్ ఏ పోస్టులో ఉండేవాడో, అది ఎన్నేళ్ళుగా ఖాళీగా ఉందో కూడా తెలుసు. రశీదులో పోస్టు మాట ఎత్తక్కర్లేదు. 'వెంకట్రాజం గారు వాడిన టేబుల్' అని రాస్తే చాలు. ఎవరైనా వచ్చి అడిగితే, ఆ ఒక్క పేరు పట్టుకుని పోస్టు దాకా నడిచిపోవచ్చు.

గురువారం పొద్దున ఇరవై రెండు రశీదులూ కొత్తగా టైపు చేయించి తీసుకుపోయింది. రాజేశ్వర్ రావు ఒక్కొక్కటీ చదువుతూ సంతకాలు పెడుతున్నాడు. ఎనిమిదో తొమ్మిదో కాగితం దగ్గర చెయ్యి ఆగింది.

"ఇదేంది? రాజేశ్వర్ రావు గారు వాడిన టేబులా?"

"మీదే సార్. మీరు అఫిలియేషన్‌లో సీనియర్ అసిస్టెంటుగా ఉన్నప్పటిది. మీ తర్వాత అండ్ల ఎవరినీ వెయ్యలేదు."

"అదింకా ఉన్నదా!" ఆయన ముఖం ఒక్కసారి పదేళ్ళు చిన్నదయింది. "ఎడమ సొరుగు రాదు దానికి. మోకాలుతోని కింద తన్నాలె."

"ఇప్పటికీ అంతే సార్. దాని మీద హెల్మెట్లు పెట్టుకుంటాండ్రు."

"హెల్మెట్లా" అని కాసేపు ఆ కాగితాన్నే చూసి, మిగతా వాటి కన్నా కొంచెం పెద్దగా సంతకం పెట్టాడు.

సంతకం చూశాక శ్రీలత తమ మూడు రశీదులనూ ప్లాస్టిక్ కవరులో వేసి సొరుగులో తాళం పెట్టుకుంది. తరువాత తనే వెంకట్రాజం సార్ టేబులును తడిగుడ్డతో తుడిచి, అడుగున సెక్షను పేరు పెయింటుతో రాయించింది. జనరల్ సెక్షన్ వాళ్ళే ఇచ్చారన్న మాట మధ్యాహ్నానికి భవనమంతా పాకింది. అయిదు సెక్షన్లు సణుగుతూనే ఒక్కొక్కటిగా వచ్చి రశీదులు తీసుకుపోయాయి. శుక్రవారం పొద్దుటికి అఫిలియేషన్ ఒక్కటే మిగిలింది.

ఆ సెక్షన్ సూపరింటెండెంటు రమాకాంత్ మంచి పనిమంతుడు, మాటకారి. స్నేహలత అడిగే లోపలే చెయ్యి అడ్డం పెట్టాడు.

"మేడం, నాకు మీ రశీదులు వద్దు, మీకు నా టేబుళ్ళు వద్దు. టేబుల్ పోతే పోస్టు పోతది. పోస్టు పోతే పని పోతదా అంటే, అది పోదు. ఉన్న ఏడుగురి నెత్తిమీదనే పడ్తది."

"పద్నాలుగు టేబుళ్ళూ హాలులోనే వేయిస్త సార్. మీరడిగినట్టే. ఒక్కసారి వచ్చి చూసుకుని సరేననుండ్రి, చాలు."

అంత సులువుగా ఒప్పుకునేసరికి రమాకాంత్‌కే అనుమానం వచ్చింది. అయినా వెంట నడిచాడు.

స్నేహలత ఆ రోజు ఏడింటికే వచ్చి హాలు ఊడిపించింది. ఇంటి నుంచి తెచ్చిన ముగ్గుపిండితో, ఇంచుటేపు పెట్టి, వచ్చిన జాబితాల ప్రకారం ప్రతి టేబులునూ నిజం కొలతకు నేల మీద గీసింది. కాగితం మీద గళ్ళు ఎవరినీ ఒప్పించవు. నేల మీద గీత అయితే కాలు పెట్టి చూసుకోవచ్చు.

రమాకాంత్ గుమ్మంలో నిలబడి ఆ తెల్లటి చౌకాల వంక చూశాడు. "ఏంది మేడం, సంక్రాంతా?"

"ఇది మీ హాలు సార్. రాండ్రి, నడవండ్రి."

ఆయన రెండు అడుగులు వేసి ఆగాడు. పక్కకు తిరిగి, పొట్ట లోపలికి పీల్చుకుని, ఇంకో రెండు అడుగులు వేశాడు. "నా టేబులేది?"

"అగో, ఆ మూలకు. చేతులు కడిగే నల్లాల పక్కన."

"నల్లాల పక్కననా? నేను దక్షిణం మొహం పెట్టుకుని కూసోవాల్నా?"

"అందరికీ తూర్పే కావాల్నంటే జాగ సరిపోతలేదు సార్. ఎవరో ఒకరు అటు తిరగాలె. రెండో ప్లాను కూడా ఉన్నది, గానీ మీరు వద్దంటరు."

"చూపియ్యిండ్రి. చూస్తే ఏం పోతది?"

ఆమె చీపురు తెచ్చి చౌకాలన్నీ చెరిపేసి, ఆరింటిని మాత్రం కిటికీ వైపు దగ్గరదగ్గరగా మళ్ళీ గీసింది. సరిగ్గా కిటికీ కింద ఏడోది, రమాకాంత్‌ది గీసింది. వెలుతురు సరిగ్గా దాని మీద పడుతోంది, పైన ఫ్యాను, ముఖం తూర్పుకు. హాలులో మూడు వంతులు ర్యాకులకు వదిలి, అడ్డంగా ఒక గీత గీసింది. రమాకాంత్ వెళ్ళి కిటికీ కింద చౌకంలో, కుర్చీ ఉండవలసిన చోట, అలాగే కాసేపు నిలబడ్డాడు. రిజిస్టర్లు షెడ్డులోకి పోతాయన్న సంగతి ఆయనకూ తెలుసు. ఆయన డిగ్రీ కూడా వాటిలో ఏదో ఒకదాంట్లోనే ఉంది. ఆమె ఆ మాట ఎత్తలేదు.

"ఆరు తీస్కపోండ్రి" అన్నాడు చివరకు.

"ఏడున్నయి సార్."

"సత్యనారాయణ సార్ది ఇయ్యను మేడం." ఆయన కిటికీ వైపు తిరిగాడు. "నేను సర్వీసుల చేరిననాడు ఫైలు మీద నోటు ఎట్ల రాయాల్నో తెల్వకపోతుండె. ఆ టేబుల్ పక్కన స్టూలేసి కూసోబెట్టి నేర్పిండు. అది షెడ్డుల పెట్టి నేను ఇక్కడ ఫ్యాను కింద కూసుంటే బాగుంటదా? పోస్టు గురించి కాదు, నిజంగ."

స్నేహలత కిటికీ దగ్గరి గీతలను మళ్ళీ కొలిచింది. ర్యాకుల కోసం గీసిన గీతను నాలుగు అంగుళాలు వెనక్కి జరిపింది. "వస్తది. మీ టేబుల్ పక్కకే వేయిస్త" అంది.

శనివారం పొద్దున ట్రాక్టరు ట్రాలీ వచ్చింది. ఏడింటికల్లా వెంకటయ్య రికార్డు రూము గుమ్మంలో, మెడలో తువ్వాలతో, పెళ్ళి పెద్దలా నిలబడ్డాడు. ఏ బస్తా ముందు పోవాలో, ఏది తరువాత పోవాలో ఆయన నోటి మాట మీదే నడిచింది. మిగతా సెక్షన్ల వాళ్ళు తమ సామాన్లు దించుకున్నాక ఒక్కొక్కరే ఇటు వచ్చి నిలబడ్డారు. ఎవరూ పిలవలేదు. చివరికి గుమ్మం నుంచి ట్రాలీ దాకా ఒక వరస తయారైంది. చేతి నుంచి చేతికి ఎర్రబస్తాలు కదలసాగాయి.

"రమాకాంత్ సార్, జర మెల్లగ. తలకిందులు పట్టుకున్నరు. అవి ఎనభై ఆరు బీకాం వాళ్ళు" అన్నాడు వెంకటయ్య.

"బీకాం వాళ్ళు తలకిందులైతే ఏమైతది వెంకటన్నా? లెక్కలు మారుతయా?"

"మారవుగానీ, మీరు ఎనభై ఏడు బీఎస్సీల గదా. రేపు మిమ్ములను గట్లనే పట్టుకుంట, సూడుండ్రి."

అందరూ నవ్వారు. రమాకాంత్ బస్తాను సరిగ్గా తిప్పి, పసిపిల్లను అందించినట్టు శ్రీలతకు అందించాడు. శ్రీలత మొహం నిండా దుమ్ము. తుమ్ముతూనే లెక్కపెడుతోంది.

మధ్యాహ్నం మూడింటికి ధర్మసాగర్ వైపు ఆకాశం నల్లబడింది. వరసలో చేతుల వేగం పెరిగింది. నాలుగు చినుకులు రాలి ఆగిపోయాయి. అయిదు దాటాక ఆఖరి బస్తా హాలులోకి చేరింది. ముప్పై ఎనిమిది ర్యాకులూ ముగ్గు గీతల మీద సరిగ్గా కూర్చున్నాయి. ఒక్కటి మాత్రం గోడ వంకరగా ఉండటం వల్ల కొంచెం ముందుకు వచ్చింది. స్నేహలతకు అది కంట్లో నలుసులా ఉంది. రెండుసార్లు వెనక్కి నెట్టి చూసింది. కదలలేదు. మూడోసారి వెంకటయ్య, "ఉండనియ్యుండ్రి మేడం, అది గట్లనే ఉంటది" అని హాలు తలుపుకు తాళం వేసి, రెండుసార్లు లాగి చూశాడు.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి వాన వచ్చింది. ముందు గాలి, తరువాత మట్టి వాసన, ఆ వెంటనే కుండపోత. స్నేహలత టీ గ్లాసు కింద పెట్టి చెప్పులు వేసుకుంది.

"ఎటు పోతానవు ఈ వానల?" అన్నాడు ఓంప్రకాశ్.

"హాస్టల్ కాడికి. హాలు కిటికీలు నేనే వేసిన, గానీ చిన్న కిటికీ గొళ్ళెం సరిగ పడ్డదో లేదో గుర్తొస్తలేదు. గొడుగెక్కడ పెట్టిండ్రు?"

గొడుగు దొరికేలోపు ఫోను మోగింది. వెంకటయ్య. వాన చప్పుడులో ఆయన దాదాపు అరుస్తున్నాడు.

"మేడం, బయలెల్లిండ్రా?"

"ఎట్ల తెలుసు నీకు?"

"మీరు ఊకుంటరా! రాకుండ్రి, నేను ఇక్కడనే ఉన్న. మబ్బు పట్టంగనే వచ్చి కూసున్న. హాలంత తిరిగిన. కింద, మీద, మూలలు అన్ని సూసిన. ఒక్క చుక్క లేదు మేడం. ఎముక లెక్క ఎండి ఉన్నది."

"చిన్న కిటికీ?"

"పడ్డది. గొళ్ళెం పడ్డది. మీరే వేసిండ్రు గదా, పడకుంటదా?" గొంతు తగ్గించి అన్నాడు. "అవతల షెడ్డుల మాత్రం దబదబ పడ్తాంది. టేబుళ్ళ మీద టార్పాలిన్ కప్పిన. రాజేశ్వర్ రావు సార్ టేబుల్ మీద రెండు మడతలు కప్పిన."

స్నేహలత నవ్వడం మొదలుపెట్టింది. ఆపుకుందామన్నా ఆగలేదు. అటు వెంకటయ్య కూడా నవ్వుతున్నాడు. "టీ తాగి, వాన తగ్గినంకనే ఇంటికి పో వెంకటన్నా" అని చెప్పి ఫోను పెట్టేసింది. చెప్పులు విప్పి, వరండాలో కుర్చీ లాక్కుని కూర్చుంది. టీ చల్లారిపోయింది. అయినా అంత రుచిగా టీ తాగి ఎన్నాళ్ళయిందోననిపించింది.

"అగో, స్నేహా! దండెం మీద బట్టలన్ని తడుస్తానయి!" అని లోపలి నుంచి ఓంప్రకాశ్ కేక వేశాడు. "పొద్దున ఆరేసినవి. నా తెల్లంగి కూడ అండ్లనే ఉన్నది!"

ఆమె కాళ్ళు చాపుకుని, వాన వంక చూస్తూ ఇంకో గుక్క తాగింది.

"తడవనియ్యుండ్రి. అవి ఆరుతయి" అంది.